వీఎస్ఎస్ ఉండగా సామూహిక అటవీ హక్కు ఇంకెందుకు? మా గ్రామసభలో తేలని గొడవ

కొండవాగు:
అందరికీ నమస్కారం. మాది ఏజెన్సీలో అడవి అంచు ఊరు, డెబ్భై గడప. తొంభైల చివర్లో మా ఊరికి వన సంరక్షణ సమితి (వీఎస్ఎస్) వచ్చింది, అంటే అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే ఊరి కమిటీ. అప్పుడు నేను చిన్నవాణ్ని. అమ్మ కందకాలు తవ్వడానికి గుట్ట మీదికి వెళ్తే వెనకాలే వెళ్లి మట్టికుప్పల మీద జారిన గుర్తు. ఇప్పుడు వీఎస్ఎస్‌కి మిగిలింది స్కూలు గోడ మీద వెలిసిపోయిన బోర్డు, బ్యాంకులో ఒక జాయింట్ అకౌంటు. వెదురు అమ్మిన డబ్బు అందులో ఉందంటారు. ఎంతుందో ఎవరికీ తెలియదు. పాస్‌బుక్కు ఊళ్లో లేదు.

మొన్న గ్రామసభలో కుర్రాళ్లు సామూహిక అటవీ వనరుల హక్కు కోసం ఫారం-సి దరఖాస్తు పెడదామన్నారు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. "సమితి ఉంది కదా, ఫారెస్టోళ్లతో కొత్త గొడవెందుకు" అని ఒకరు, "పోడు పట్టాలు వచ్చేశాయి, ఇంకేం కావాలి" అని ఇంకొకరు. మధ్యలో నన్ను లేపి "చదువుకున్నావుగా, నువ్వు చెప్పు తేడా" అన్నారు. నోరు తడారిపోయింది. నిజంగా తేడా ఏంటి?

లెక్కలపుస్తకం:
మూడు వేర్వేరు కాగితాలను మీవాళ్లు ఒకటే అనుకుంటున్నారు. చాలా ఊళ్లలో ఇదే తంతు.

పోడు పట్టా మనిషి సాగు చేసుకునే నేలకి. గిరిజన కుటుంబమైతే 2005 డిసెంబర్ 13 నాటికి ఆ నేల వాళ్ల చేతిలో ఉండాలి, 4 హెక్టార్లు మించకూడదు. తెలంగాణలో 2023లో దాదాపు 4 లక్షల ఎకరాలకు ఇచ్చిన పట్టాలు ఈ రకమే. గుట్ట మీది వెదురుకీ దీనికీ సంబంధం లేదు.

వీఎస్ఎస్‌కి మూలం 1988 జాతీయ అటవీ విధానం, ఆ తర్వాత 1990 జూన్ 1న కేంద్రం రాష్ట్రాలకు పంపిన సర్క్యులర్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో జీవో వచ్చింది. ప్రపంచ బ్యాంకు డబ్బు తోడయ్యాక సమితులు వేలల్లో పుట్టాయి. 2002 ప్రాంతంలో ఈ పద్ధతి పేరు 'ఉమ్మడి అటవీ యాజమాన్యం' కాస్తా 'సామాజిక అటవీ యాజమాన్యం' అయింది. పేరు మారింది కానీ ఆధారం జీవోనే. జీవో ఇచ్చినవాళ్లు ఇంకో జీవోతో తీసేయొచ్చు.

సామూహిక అటవీ వనరుల హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలోది. సెక్షన్ 3(1)(ఐ) చూడండి. ఊరి సంప్రదాయ హద్దుల్లోని అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభది. రిజర్వు ఫారెస్టయినా, అభయారణ్యమయినా సరే. 4 హెక్టార్ల పరిమితి దీనికి లేదు.

పాత_బీటు:
ముప్పై ఏళ్లు ఫారెస్టులో చేసి రిటైరయ్యాను కాబట్టి తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నాను.

నేను చేరినప్పుడు నా బీటు, అంటే నా కాపలా కిందున్న అడవి, చుట్టి రావాలంటే సైకిలు మీద రెండు రోజులు. రాత్రిపూట టేకు దుంగలతో ఎడ్లబండి వెళ్తుంటే ఇరుసు చప్పుడు కాకుండా గుడ్డపీలికలు చుట్టేవారు. తెల్లారి పచ్చి మొద్దు చుట్టుకొలత తీసి కాగితం రాయడం, అదీ నా ఉద్యోగం. వీఎస్ఎస్ వచ్చాక అదే ఊరివాళ్లు, అంతకుముందు బండి తోలినవాళ్లతో సహా, వంతులేసుకుని కాపలా కాశారు. ఐదారేళ్లలో మొద్దుల నుంచి లేచిన పిలకలు మనిషెత్తు దాటాయి. కళ్లారా చూశాను.

ఇంకో మాట. పశ్చిమ బెంగాల్ మిడ్నపూర్ జిల్లా ఆరాబరీలో 1972లో ఈ పద్ధతి మొదలుపెట్టిన అజిత్ కుమార్ బెనర్జీ కూడా అటవీ అధికారే. 618 కుటుంబాలు, 1,272 హెక్టార్ల పాడైపోయిన సాల్ చెట్ల అడవి. కాపాడితే పని ఇస్తాం, చివర్లో అమ్మకంలో 25 శాతం ఇస్తాం అన్నాడు. మొద్దుల నుంచే అడవి లేచింది. శాఖ అంటే అంతా దొంగలే అన్నట్టు రాయకండి.

అడ్డదారి:
25 శాతం ఊరికి సరే సార్, రాత్రి నిద్ర మానుకున్నది ఎంత శాతం?

పాత_బీటు:
అందుకేగా మన దగ్గర తర్వాతి జీవోల్లో కలప, వెదురు ఆదాయం మొత్తం సమితికే అన్నారు. సగం మళ్లీ అడవి మీద ఖర్చు పెట్టాలని షరతు.

కొండవాగు:
మొత్తం మాదే అయితే పాస్‌బుక్కు మా దగ్గర ఎందుకు లేదు సార్?

పాత_బీటు:
దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. రెండు సంతకాల అకౌంటు అది, సమితి అధ్యక్షుడిది ఒకటి, మా వైపు అధికారిది ఒకటి. అధికారి బదిలీ అయితే కొత్తాయన సంతకం బ్యాంకులో నమోదు కావాలి. అధ్యక్షుడు చనిపోతే ఎన్నిక జరగాలి. ఈలోగా ప్రాజెక్టు అయిపోతుంది, పట్టించుకునే నాథుడుండడు. పాస్‌బుక్కు ఆఫీసు అల్మరాలో ఉండిపోతుంది. దురుద్దేశం ఉన్నచోట ఉంది. లేనిచోట కూడా ఫలితం ఇదే, అది ఒప్పుకుంటాను.

మోడరేటర్:
ఊరి పేర్లు, ఆఫీసుల పేర్లు, వ్యక్తుల పేర్లు పెట్టొద్దు. ఒక పోస్టు తీసేశాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

నల్లబల్ల:
నేను ఎకనామిక్స్ చెప్తాను, కాబట్టి కాస్త పాఠంలా ఉంటుంది, ఓర్చుకోండి. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అందరి బీడులో ప్రతివాడూ ఇంకో పశువును వదులుతాడు, చివరికి బీడు నాశనమవుతుంది అని. దానికి మందు ప్రభుత్వమో, ప్రైవేటు ఆస్తో అని చాలామంది నమ్మారు. ఎలినార్ ఆస్ట్రమ్ మాత్రం దేశదేశాల్లో నిజంగా నడుస్తున్న ఉమ్మడి అడవులు, చెరువులు, చేపల రేవులు పట్టి చూసింది. హార్డిన్ చెప్పింది కాపలా లేని, నియమం లేని బీడు గురించి, ఊరుమ్మడిది అలాంటిది కాదు అని తేల్చింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ.

హద్దు తెలియాలి, నియమాలు వాడుకునేవాళ్లే పెట్టుకోవాలి, కాపలావాడు వాళ్లకే జవాబు చెప్పాలి, తప్పుకు మొదట చిన్న జరిమానా, తగవు ఊళ్లోనే చవగ్గా తీరాలి, పైనున్న ప్రభుత్వం వీళ్ల నియమాలను గౌరవించాలి. ఆమె లెక్కలో ముఖ్యమైనవి ఇవి. మీ వీఎస్ఎస్‌ని వీటితో పోల్చి చూడండి. కాపలా మీది. నియమం ఎవరు రాశారు?

అడ్డదారి:
మాస్టారూ, మా ఊరి బీడులో ఆవులకి నోబెల్ సంగతి తెలియదు.

కానీ సీరియస్‌గా ఒకటి అడుగుతా. గ్రామసభ, గ్రామసభ అంటున్నారు. మా దగ్గర గ్రామసభ అంటే సర్పంచి, ఇద్దరు కాంట్రాక్టర్లు, టీ. శాఖ చేతిలోంచి తీసి వీళ్ల చేతిలో పెడితే అడవికి ఏం ఒరుగుతుంది?

ఇప్పపూలు:
అడ్డదారి తమ్ముడి ప్రశ్న సరైనదే, కానీ కాంట్రాక్టర్ దాకా వెళ్లక్కర్లేదు, ఇంట్లోనే మొదలవుతుంది.

మా అత్తగారి ఊళ్లో సమితి పెట్టినప్పుడు మొదటి తీర్మానం, గుట్ట ఐదేళ్లు మూసెయ్యాలని. పశువు పోకూడదు, గొడ్డలి పోకూడదు. ఇంటికో మగ, ఇంటికో ఆడ సభ్యత్వం కదా, తీర్మానం కింద ఆడవాళ్ల వేలిముద్రలు కూడా ఉన్నాయి. మీటింగుకు మాత్రం ఆడవాళ్లెవరూ పోలేదు. పుస్తకమే ఇంటింటికీ తిరిగింది.

గుట్ట మూసేశారు. పొయ్యి మూసేస్తారా? పొద్దున వెళ్లి వంటవేళకి కట్టెలమోపుతో వచ్చే అత్తమ్మ పక్కూరి అడవి దాకా నడవాల్సి వచ్చింది. అక్కడ ఆ ఊరి సమితివాళ్లు పట్టుకుని గొడ్డలి లాక్కున్నారు. ఇక్కడ మా మామయ్యేమో మా ఊరి కాపలా దళంలో ఉండి పక్కూరి ఆడవాళ్ల గొడ్డళ్లు లాక్కొచ్చి ఇంట్లో గోడకి ఆనించేవాడు. ఒకరోజు అత్తమ్మ ఆ గొడ్డళ్లన్నీ మోపుకట్టి పక్కూరికి మోసుకెళ్లి తన గొడ్డలితో మార్చుకుని వచ్చింది. మామయ్య వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత మీటింగులో ఆమే లేచి అడిగింది: ఎండు కొమ్మకు గొడ్డలెందుకు, చేత్తో విరిచేదాన్ని వారంలో రెండు రోజులు తెచ్చుకోనివ్వండి అని. అదే నియమమైంది. అడవికి ఏమీ కాలేదు.

బీనా అగర్వాల్ అనే ఆర్థికవేత్త గుజరాత్‌లో, నేపాల్‌లో అటవీ కమిటీలను పరిశీలించింది. కమిటీలో ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నచోట అడవి బాగా తేరుకుందని చెప్పింది. మా అత్తమ్మకి చెప్తే "ఆ మాట చెప్పడానికి గుజరాత్ దాకా పోవాలా" అంది.

లెక్కలపుస్తకం:
ఇప్పపూలు గారూ, ఆ గొడ్డళ్ల కథ ఒక్కటి చాలు. 2012లో సవరించిన అటవీ హక్కుల నియమాలు కూడా అక్కడికే వస్తాయి. గ్రామసభకు కోరం సగం మంది, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. గ్రామసభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది, మూడోవంతు మహిళలు. పుస్తకం ఇంటింటికీ తిప్పితే తర్వాత పై కమిటీలో ఎవరైనా వేలెత్తి చూపొచ్చు, జాగ్రత్త.

అడ్డదారి అడిగినదానికి మహారాష్ట్ర గడ్చిరోలీ జిల్లాలోని మెంఢా లేఖా ఊరు చూడండి. ఎనభైల నుంచి ఆ గోండు ఊరి మాట ఒకటే: "దిల్లీలో, ముంబైలో మా ప్రభుత్వం, మా ఊళ్లో మేమే ప్రభుత్వం." 2009లో దాదాపు 1,800 హెక్టార్ల మీద హక్కుపత్రం వచ్చింది. హక్కు వచ్చినా వెదురు బయటికి పోవాలంటే రవాణా పర్మిట్ కావాలి, అది ఇచ్చేది శాఖ. పాత అటవీ చట్టం ప్రకారం వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి (ఊరు సేకరించి అమ్ముకోగలిగేది) కాదు, చెట్టు అని శాఖ వాదన. 2006 చట్టంలో ఆ ఉత్పత్తుల్లో వెదురు అని పేరుపెట్టి ఉన్నా! 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి పర్మిట్ పుస్తకం ఊరి చేతికి ఇప్పించారు. ఆ తర్వాతి ఏడాది నియమాలే మార్చారు, ఇప్పుడు పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీ.

అక్కడ ఏ నిర్ణయమూ ఓటింగుతో తీసుకోరు. ఒక్కరు కాదన్నా మళ్లీ కూర్చుంటారు. నెలలు పట్టిన సందర్భాలున్నాయి. మన ఓపికకి అది కష్టమే.

పాత_బీటు:
మెంఢా మంచి ఊరు, కాదనను. ప్రతి ఊరూ మెంఢా కాదు.

వెదురు పర్మిట్ పుస్తకం సరే, వెదురు కొట్టడం ఎవరు నేర్పుతారు? పొదలో ఆ ఏడాది లేచిన కర్రని ముట్టకూడదు. కణుపు దగ్గర పొర ఇంకా అంటుకుని ఉంటుంది, గోరుతో గీకితే మెత్తగా ఉంటుంది, అది లేతది. ముదురు కర్రలు కొట్టాలి, అవేమో పొద మధ్యలో ఉంటాయి. చేతికందేవి చుట్టూ ఉన్న లేతవి. మధ్యలోకి పోవడానికి ఒక పక్క నుంచే దారి చేసుకోవాలి, పైనుంచి చూస్తే గుర్రపు లాడంలా కనబడుతుంది. నేలకి జానెడు ఎత్తులో, కణుపుకి పైన కొట్టాలి. కింద గుంటలా మిగిలితే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. వానాకాలం కత్తి పెట్టకూడదు. కర్రకు ఇంత అని కూలి కట్టే కాంట్రాక్టు మనిషి ఇవేమీ చూడడు. బయటివైపువి నరుక్కుని పోతాడు, మూడేళ్లలో పొద ఎండిపోతుంది.

కొండవాగు:
సార్, మా వెదురు అలాగే పోయింది. కొట్టింది మేం కాదు. శాఖ పెట్టిన కాంట్రాక్టరు మనుషులు. మాకు కూలి ఇచ్చారు, అది నిజమే.

ఒకటి చెప్పనా, మీరు చెప్పిన లాడం కోత మా తాతకి తెలుసు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

పాత_బీటు:
అయితే ఆయన్ని కమిటీలో పెట్టండి. వ్యంగ్యం కాదు.

నల్లబల్ల:
నేపాల్ సంగతి కూడా ఒక్క ముక్క. 1957లో అడవులన్నీ జాతీయం చేశారు. అప్పటిదాకా ఊరిదిగా చూసుకున్న అడవి ఎవరిదీ కాకుండా పోయింది, కొండలు బోడి అయ్యాయి. 1993 చట్టంతో వాడుకునేవాళ్ల సంఘాలకు అప్పగించడం మొదలుపెట్టారు. ఇప్పుడు 22,000 దాటాయి, కొండల్లో పచ్చదనం బాగా తిరిగొచ్చింది.

పాత_బీటు:
మాస్టారూ, అక్కడ కుర్రాళ్లు గల్ఫ్‌కీ మలేషియాకీ వెళ్లిపోయారు, పొలాలు బీడుపడ్డాయి, పశువులు తగ్గాయి. అందులో సంఘాల వాటా ఎంత, ఖాళీ అయిన ఊళ్ల వాటా ఎంత? మొత్తం పుణ్యం కమిటీలకే కట్టబెట్టకండి.

నల్లబల్ల:
ఒప్పుకుంటున్నాను. రెండూ ఉన్నాయి.

అడ్డదారి:
రాసి పెట్టుకోండి, ఫోరంలో ఒకరు ఒప్పుకున్నారు.

లెక్కలపుస్తకం:
మన దేశంలోనే ఇంకో పాత పాఠం ఉంది. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూఁ కొండల్లో బ్రిటిష్‌వాళ్లు అడవులు లాక్కుంటే 1921లో జనం వాటికి నిప్పు పెట్టారు. ఆ సెగకి దిగొచ్చి 1931లో వన పంచాయతీల నియమాలు తెచ్చారు. ఉత్తరాఖండ్‌లో ఇవాళ్టికీ వేల సంఖ్యలో ఉన్నాయి. కానీ 1976లో, మళ్లీ 2001లో నియమాలు మారిన ప్రతిసారీ అధికారం పంచాయతీ చేతిలోంచి కాస్త కాస్త శాఖ వైపు జారింది. పేరు పంచాయతీయే. జీవోల మీద నడిచే సమితికి ఏమవుతుందని కొండవాగు గారి పెద్దలు అడిగితే ఇది చెప్పొచ్చు.

పాత_బీటు:
నిప్పు మాట వచ్చింది కాబట్టి. ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకోవడానికి ఆకు కాల్చేది ఎవరు? తునికాకు చిగురు బాగా రావాలని మార్చిలో మంట పెట్టేది ఎవరు? శాఖ కాదు.

ఇప్పపూలు:
మేమే సార్. ఇప్పచెట్టు కింద మంట మా ఊళ్లో కూడా పెట్టేవారు. ఇప్పుడు చాలావరకు చెట్టు కింద ఊడ్చుకుని పాత చీరలు పరుస్తున్నాం. పువ్వుకి మట్టి అంటదు, తొందరగా ఆరుతుంది. పక్కవాడి చెట్టు కింద మంట లేస్తే జరిమానా. చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు కాబట్టి తప్పించుకోలేరు.

తునికాకు సంగతి వేరు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఎండలో పొద్దున్నే పోయి కోసి, మధ్యాహ్నం గడపలో కూర్చుని పిల్లలతో సహా కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి మోసుకుపోతాం. అక్కడ కల్లేదారు (కల్లంలో ఆకు తీసుకునే కాంట్రాక్టరు మనిషి) మా కళ్ల ముందే వందకి నాలుగైదు కట్టలు 'ఇవి తాలు' అని పక్కన పడేసేవాడు. పక్కన పడేసినవి వెనక్కి ఇవ్వడు! అవీ ఎండుతాయి, అవీ బ్యాగులోకే పోతాయి. మా చిన్నప్పటి నుంచి ఇదే లెక్క. ఒక ఏడాది మా అన్న నోటుబుక్కు తీసుకెళ్లి తాలు కట్టలు కూడా రాయడం మొదలుపెట్టాడు. కల్లేదారు రెండు రోజులు చూశాడు, మూడో రోజు నుంచి తాలు తగ్గింది. ఆకు అదే.

కొండవాగు:
అక్కా, ఈ నోటుబుక్కు మాట మా గ్రామసభలో చెప్తాను.

లెక్కలపుస్తకం:
గడ్చిరోలీలో హక్కుపత్రం ఉన్న గ్రామసభలు కొన్ని గుంపులుగా చేరి తునికాకు టెండరు తామే పిలుస్తున్నాయి. కూలి కాకుండా రాయల్టీ కూడా ఊరికే వస్తుంది. అన్నీ సాఫీగా లేవు, కొన్నిచోట్ల కాంట్రాక్టర్లు డబ్బు ఎగ్గొట్టారు. అడ్వాన్సు తీసుకోకుండా ఆకు కదలనివ్వొద్దని వాళ్లు నేర్చుకున్నారు.

ఇక కొండవాగు గారికి అసలు పని. ముందుగా ఒక హెచ్చరిక: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామూహిక హక్కుపత్రాలు కొన్ని గ్రామసభ పేరున కాకుండా వీఎస్ఎస్ పేరున ఇచ్చారు. చట్టంలో అలా లేదు. మీ ఊరికి అలాంటి కాగితం ఇప్పటికే ఉందేమో ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో) కనుక్కోండి. ఉంటే మీ గొడవ సగం అదే.

లేకపోతే ఫారం-సి. ఫారం-బి వాడకపు హక్కులకు, సి నిర్వహణ హక్కుకు, కలిపేయకండి. హద్దు ముఖ్యం. చుట్టూ ఉన్న ఊళ్ల గ్రామసభలకు ముందే ఉత్తరం రాసి, వాళ్ల పెద్దల్ని వెంటబెట్టుకుని నడవండి. సాక్ష్యానికి పాత బావి, శ్మశానం, దేవుడి గద్దె, ముసలివాళ్ల వాంగ్మూలం అన్నీ పనికొస్తాయి, రెండు రకాలైనా ఉండాలి. పరిశీలన రోజున అటవీ, రెవెన్యూ వాళ్లకు రాతపూర్వకంగా కబురు పెట్టి రసీదు ఉంచుకోండి. వాళ్లు రాకుండా తర్వాత అభ్యంతరం పెడితే దరఖాస్తు మళ్లీ పరిశీలనకు ఒకసారి గ్రామసభకు వెనక్కి వస్తుంది. రెండోసారి కూడా రాకపోతే గ్రామసభ తేల్చిందే ఖాయం. నియమం 12-ఎలో ఉంది.

పాత_బీటు:
హద్దు నడిచే రోజు మా పాత బీటు మ్యాపులో కంపార్ట్‌మెంటు నంబర్లు (శాఖ అడవిని విడగొట్టుకున్న ముక్కల నంబర్లు) చూసుకోండి, శాఖ వైపు కాగితంలో ఊరి పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. మీవాళ్లు 'పులిగుండు' అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఇరుపక్కలా రాసుకోండి. కావాలంటే మ్యాపు చదవడం నేను నేర్పుతాను, ఫోరంలో మెసేజ్ పెట్టండి.

అడ్డదారి:
రిటైరయ్యాక బీటు సార్ పార్టీ మారారు.

పాత_బీటు:
మారలేదు బాబూ. మంట లేస్తే ఆర్పేవాడు కావాలి, అంతే. ఒక్కడితో అయ్యే పని కాదని సైకిలు తొక్కినవాడికి తెలుసు.

కొండవాగు (పన్నెండు రోజుల తర్వాత):
అప్‌డేట్. ఐటీడీఏలో అడిగాం, మా ఊరికి వీఎస్ఎస్ పేరున కాగితం లేదు. ఆదివారం గ్రామసభ పెట్టాం. మగవాళ్లు బాగానే వచ్చారు, ఆడవాళ్లు పదకొండు మంది. కోరం చాల్లేదు. ఒకాయన పుస్తకం ఇంటింటికీ పంపుదాం అన్నాడు. ఇప్పపూలు అక్క కథ చెప్పాను, వద్దన్నారు. తీరా చూస్తే ఆడవాళ్లంతా ఇప్పపువ్వుకి పోయారు, పొద్దున నాలుగింటికే. ఈ సీజన్‌లో పొద్దున మీటింగు పెట్టిన మాదే బుద్ధితక్కువ. ఇప్పుడు మంగళవారం రాత్రి భోజనాలయ్యాక పెడుతున్నాం.

తాతని తీసుకెళ్లి రెండు పక్కల హద్దు నడిచాం. మూడో పక్క వాగు దారి మార్చుకుంది, పాత వాగు ఎక్కడుండేదో ఆయనా పక్కూరి ముసలాయనా గంటసేపు వాదించుకున్నారు. చివరికి ఇద్దరూ ఒకే మద్దిచెట్టు చూపించారు. బీటు సార్, ఆ చెట్టు ఏ కంపార్ట్‌మెంటులో పడుతుందో మీరే చెప్పాలి. మెసేజ్ పెట్టాను.